షౌఖ్ కారుకి సలాం, రోజీ బండికి జుర్మానా

2025 ఆగస్టులో ఢిల్లీ హుకూమత్ ఒక గెజిట్ కాయితం వదిలింది. ఇరవై ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలంటే ఇక మీదట ఎంత కట్టాలో అందులో ఉంది. మోటార్ సైకిల్‌కి 2,000 రూపాయలు. కారుకి 10,000. విదేశాల నుంచి దిగుమతి అయిన రెండు, మూడు చక్రాల బండికి 20,000. దిగుమతి కారుకి 80,000. మా జంక్షన్‌లో చాయ్ తాగుతూ ఈ ఖబర్ చదివినవాళ్ల కళ్లు 80,000 దగ్గరే ఆగిపోయాయి. "అమీర్లకి బాగానే తగిలించారు" అని ఖుష్ అయిపోయారు. ఖుష్ అయ్యే ముందు కాస్త హిసాబ్ చేయాలి దోస్తులారా. ఆ కాయితంలో దెబ్బ 80,000 దగ్గర లేదు. 10,000 దగ్గరా, 2,000 దగ్గరా ఉంది.

ఇదే హుకూమత్ 2021 జులైలో ఇంకో కాయితం తెచ్చింది. పాతకాలపు బళ్లకి, అంటే వింటేజ్ అని ముద్దుగా పిలిచేవాటికి, సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 81ఏ నుంచి 81జీ దాకా కొత్త నిబంధనలు చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటాలి. ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. రెండు చక్రాలదైనా నాలుగు చక్రాలదైనా, ఇక్కడే పుట్టిందైనా ఓడ దిగి వచ్చిందైనా పర్వాలేదు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000. అది పదేళ్లు చెల్లుతుంది. పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబర్ ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కనే 'వీఏ' అని ప్రత్యేకంగా రాస్తారు. చూడగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా అదబ్‌గా పక్కకి జరగాలన్నమాట.

ఇప్పుడు భాగించండి. ఓడలో రోల్స్‌రాయిస్ తెప్పించుకున్న సాహెబ్ పదేళ్లకి 20,000 కడతాడు. ఏడాదికి 2,000. పాత మారుతి 800లో పిల్లల్ని బడికి దింపే మాస్టారు ఐదేళ్లకి 10,000 కడతాడు. ఏడాదికి 2,000. ఇద్దరూ బరాబర్! రెండో విడత నుంచి సాహెబ్ గారికి ఏడాదికి 500 పడుతుంది, మాస్టారికి మాత్రం అదే 2,000. కొల్లేరు వైపు నుంచి చేపల బుట్ట కట్టుకుని తెల్లారకముందే మా సెంటర్‌కి వచ్చే పాత టీవీఎస్ బండి ఉంది చూడండి, దానికి ఐదేళ్లకి 2,000. ఏడాదికి 400. రోల్స్‌రాయిస్‌కీ చేపల టీవీఎస్‌కీ మధ్య ఫర్ఖ్ ఏడాదికి వంద రూపాయలు. ఇది నా దిమాగ్‌లో పుట్టిన లెక్క కాదు, రెండు గెజిట్లూ పక్కపక్కన పెట్టుకుంటే ఎనిమిదో తరగతి పిల్లాడికైనా వచ్చే లెక్క.

ఇక ఆ 80,000 ఎవరికి? ఇరవై ఏళ్లు దాటి యాభై ఏళ్లు నిండని విదేశీ కారుకి. బెజవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దార్లు నాలుగూ కలిసే మా జంక్షన్‌లో పొద్దుటి నుంచి మగ్రిబ్ దాకా నిలబడినా అలాంటిది ఒక్కటి కనపడితే గొప్ప. చూపించడానికి 80,000, వసూలు చేయడానికి 10,000. గరీబోడి చేత చప్పట్లు కొట్టించుకుంటూనే గరీబోడి జేబులో చెయ్యి పెట్టడమంటే ఇదే.

దీనికి ఒక జవాబ్ వస్తుందని నాకు తెలుసు. "వింటేజ్ కారు రోజూ తిరగదు కదా భాయ్, ఎగ్జిబిషన్‌కీ, ర్యాలీకీ, పరిశోధనకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోడ్డెక్కకూడదని రూల్లోనే ఉంది కదా" అంటారు. ఉంది. కబూల్. కానీ ఈ ఫీజు రోడ్డు అరుగుదలకి కాదు. దానికి లైఫ్ టాక్స్ వేరే కట్టాం. కాలుష్యానికి గ్రీన్ టాక్స్ అని ఇంకోటి ఉంది. ఫీజు అనేది ఒక పని చేసినందుకు తీసుకునే మజూరీ. బండి తెచ్చి నిలబెడితే బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ చూసి, ఛాసీ నంబరు సరిపోల్చి, సంతకం పెట్టడం. మారుతి 800 బ్రేకులు చూడటానికి అంత మజూరీ ఎందుకవుతుంది? 2022 ఏప్రిల్‌కి ముందు ఇదే పనికి కారు నుంచి 600 తీసుకునేవాళ్లు. అప్పుడు 5,000 చేశారు. ఇరవై దాటితే ఇప్పుడు 10,000. బ్రేకులు చూసే పద్ధతి ఈ మూడేళ్లలో పదహారింతలు మెరుగైందా? కాలేదు. ఎందుకు పెంచారంటే పాత బండి ఉంచుకోవద్దని చెప్పడానికి. మరి ఆ మాట సాఫ్‌గా చెప్పొచ్చు కదా! పరీక్ష ఫీజు అని పేరు పెట్టి జుర్మానా వసూలు చేయడం దేనికి?

నా అసలు ఝగడా పైసల గురించి కూడా కాదు. 'ఫిట్‌నెస్' అనే మాటకి వీళ్లు చెబుతున్న అర్థం గురించి.

బెజవాడ ఆటోనగర్‌లో తిరిగినవాళ్లకి తెలుస్తుంది. అక్కడ బండి వయసు ఎవడూ అడగడు. లారీ వచ్చి ఆగగానే ఉస్తాద్ ముందు చక్రం పైకి జాకీ ఎత్తిస్తాడు. రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపుతాడు. ఆట ఉంటే కింగ్ పిన్ పోయినట్టు. పక్కలకి ఊపుతాడు. ఆడితే టై రాడ్ ఎండ్ సంగతి చూడాలి. డ్రమ్ము విప్పి బ్రేక్ షూ మందం చూస్తాడు, డ్రమ్ము లోపల గాడి పడిందా అని వేలు పెట్టి తడుముతాడు. కమాన్ కట్టలో ఆకు విరిగిందేమో చూస్తాడు. ఇదంతా అరగంట పని. అరగంటలో ఆ బండి రోడ్డెక్కవచ్చో లేదో ఖరారుగా చెప్పేస్తాడు. గుర్రం కొనేవాడు పళ్లు చూస్తాడు గానీ పుట్టిన తేదీ కాయితం అడగడు కదా.

(మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. లారీ కింద ఆ వంపు చూసి పెట్టిన పేరు. మరమ్మతు, కార్ఖానా, ఉస్తాద్ ఇవన్నీ మనవే. తెలుగు షెడ్డులో పనిచేసే ఏ కులం కుర్రాడైనా, ఏ మజహబ్ కుర్రాడైనా రోజుకి యాభైసార్లు ఈ మాటలు అంటాడు, ఇవి ఎక్కడివో తెలియకుండానే. పాత బళ్లతో పాటు ఈ జుబాన్ కూడా తుక్కులోకి పోతోంది. దాని గురించి ఇంకోసారి.)

ఉస్తాద్ చూసేది బండి హాలత్. హుకూమత్ చూసేది బండి ఉమర్. ఈ రెండూ ఒకటి కావు. ఇంకో విచిత్రం చెప్తాను. మన కానూన్ ప్రకారం సొంత కారు కొన్నాక పదిహేనేళ్ల పాటు దాని బ్రేకులు ఎలా ఉన్నాయని సర్కార్ ఒక్కసారి కూడా అడగదు. షోరూమ్‌లో రిజిస్ట్రేషన్, మళ్లీ పదిహేనేళ్లకి దర్శనం. పద్నాలుగేళ్ల బండి టైర్లు గుండుకొట్టి, బ్రేకు ఆయిలు కారుతూ నూట ఇరవైలో వెళ్లినా అది కాయితం మీద ఫిట్. ఇరవై రెండేళ్ల బండి ప్రతి ఏడూ సర్వీసు చేయించి, అద్దంలా ఉంచుకున్నా అది దోషి. ఆటోలకీ లారీలకీ మాత్రం మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. అంటే కష్టపడి సంపాదించే బండికి నిఘా, సొంత షికారు బండికి మాఫీ. 2025 నవంబరులో ఇరవై ఏళ్లు దాటిన పెద్ద లారీ, బస్సు ఫిట్‌నెస్ ఫీజు 25,000 చేశారు. అది ఏటా కట్టాల్సింది. ఒక్క లారీతో బతికే మాలిక్-కమ్-డ్రైవర్లు మా వైపు ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే ఆ 25,000 ఎవరి కంచంలోంచి పోతుందో తెలుస్తుంది. మన రాష్ట్రంలో పాత లారీల మీద గ్రీన్ టాక్స్ వందల నుంచి వేలకి ఎక్కించినప్పుడు లారీ ఓనర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటే గానీ తగ్గించలేదు. ఇటు తగ్గిందని ఊపిరి పీల్చుకునే లోపే అటు ఫిట్‌నెస్ పెరిగింది.

"మరి యాక్సిడెంట్లు?" అని అడుగుతారు. సరైన సవాల్. హైవే ఊరి నడుమ నుంచి పోయిన రోజుల్లో మా సెంటర్‌లో బ్రేకులు అందని లారీలు ఏం చేశాయో చూసినవాళ్లం మేము. బైపాస్ పడ్డాక కాస్త తెరిపి. కాబట్టి ఫిట్‌నెస్ వద్దని అనేవాళ్లలో నేను లేను. గట్టిగా చూడండి, ఏటా చూడండి, పదేళ్ల కారుని కూడా చూడండి. కానీ పరీక్షకి 10,000 పెట్టి పరీక్ష జరగాలని కోరుకోవడం ఎలాంటిదంటే, ఆస్పత్రి గుమ్మంలో గేటు ఫీజు పెట్టి ఊళ్లో జబ్బులు తగ్గాలని కోరుకోవడం లాంటిది. ముప్పై వేలు కూడా పలకని బండికి 10,000 కట్టేవాడు ఎవడు? కట్టడు. కట్టకుండా తిప్పుతాడు. మోటార్ వాహనాల చట్టం 192వ సెక్షన్ చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా తిప్పితే మొదటిసారి జుర్మానా 2,000 నుంచి 5,000 దాకా. నియమం పాటిస్తే 10,000, తప్పితే 5,000! గరీబోడు ఏ దారి పడతాడో చెప్పడానికి నజూమీ అక్కర్లేదు.

అక్కడితో ఆగితే ఫర్వాలేదు. రిజిస్ట్రేషన్ చచ్చిపోయిన బండికి ఇన్సూరెన్స్ ఏమవుతుంది? 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఖుల్లా చెప్పేసింది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన బండి రోడ్డెక్కడమే పాలసీ షరతులకి మూలంలోనే ఉల్లంఘన అని, బండి నష్టం కంపెనీ ఇవ్వనక్కర్లేదని. అది సొంత బండి నష్టం కేసు. రోడ్డు మీద దెబ్బ తిన్న బాటసారి విషయంలో కూడా కంపెనీ వకీలు ఇదే దలీల్ పట్టుకుని ట్రిబ్యునల్లో ఏళ్లూ పూళ్లూ లాగుతాడు. చివరికి ఎవరు మునిగారు? బండివాడూ మునిగాడు, వాడి బండి కింద పడ్డవాడూ మునిగాడు. భద్రత పేరుతో పెంచిన ఫీజు భద్రత ఇవ్వలేదు సరికదా, కాయితాలున్న బండిని కాయితాల్లేని బండిగా మార్చింది.

ఇప్పుడు దిగుమతి సంగతికి వద్దాం, ఎందుకంటే వయసుని చూసి హాలత్ తేల్చే ఈ పిచ్చి అక్కడే ముదిరింది.

మా వైపు నుంచి కువైట్, దుబాయ్, సౌదీ వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. అక్కడ ఇరవై ముప్పై ఏళ్లు షెడ్డులో పనిచేసినవాడికి ఒక్కోసారి ఒక పాత కారు మీద దిల్ పడుతుంది. షేక్ వాడి పడేసిన ల్యాండ్ క్రూజరో, మెర్సిడెసో. తన చేతులతో ఇంజను విప్పి బిగించి ఉంటాడు. ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకుందామని ఆశ. తెచ్చుకోగలడా?

వాడిన కారు దిగుమతికి మన షరతులు ఇవి. తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి సరిపోవాలి. దిగుమతి నాటి నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డు మీద తిరగగల యోగ్యత ఉండాలి. ఓడ ఎక్కే ముందు ఒక పరీక్ష సర్టిఫికెట్, దిగాక పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో ఇంకో పరీక్ష. ఇందులో మూడేళ్లు అన్నది తీసేస్తే మిగతావన్నీ అక్కరకొచ్చే షరతులే, నాకేం అభ్యంతరం లేదు. హెడ్‌లైట్ సంగతి మరీ ముఖ్యం. కుడివైపు నడిచే దేశంలో చేసిన లైటు మన రోడ్డు మీద సరిగ్గా ఎదుటివాడి కళ్లలోకి కొడుతుంది. అలాంటి లైటుతో రాత్రిపూట గుడివాడ రోడ్డు మీద ఒక్క బండి వస్తే చాలు.

మరోవైపు వింటేజ్ దారి. ఇదివరకు 1950 జనవరి 1కి ముందు తయారైనవి మాత్రమే ఆ పేరుతో వచ్చేవి. 2025లో దాన్ని సడలించి, మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు నిండిన ఏ బండైనా తెచ్చుకోవచ్చన్నారు. ఏడాది గడిచిన కొద్దీ ఆ గీత కూడా ముందుకి జరుగుతుంది. మంచి పనే చేశారు, దాన్ని కాదనను.

ఇప్పుడు మధ్యలో చూడండి. మూడేళ్లకీ యాభై ఏళ్లకీ మధ్య ఏముంది? గోడ ఉంది. మూడేళ్ల రెండు నెలల కారు పనికిరాని ముసలిది. నలభై తొమ్మిదేళ్ల పదకొండు నెలల కారు కూడా పనికిరాని ముసలిదే. ఆ మర్నాడు బర్త్‌డే అవగానే అది దేశ సంపద! 1985 ల్యాండ్ క్రూజర్ తెచ్చుకోవాలంటే మన గల్ఫ్ తమ్ముడు 2035 దాకా ఇంతెజార్ చేయాలి. ఈలోపు ఆ కారు ఉంటుందో, తమ్ముడు ఉంటాడో. బ్రేకుల్లో, ఛాసీలో, పొగలో ఏ మార్పూ లేకుండా ఒక రాత్రిలో తుక్కు కాస్తా తోహ్ఫా అయిపోయే ఈ గీతని ఏ ఇంజినీరు గీశాడో నాకు అర్థం కాదు.

గోడ కడితే దొంగదారి పుడుతుంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' అని పేరు పెట్టి సోదాలు చేశారు. నుమ్‌ఖోర్ అంటే భూటాన్ భాషలో బండి. భూటాన్ మీదుగా పాత ఖరీదైన బళ్లు లోపలికి తెచ్చి, నకిలీ కాయితాలతో మన రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించారన్నది ఆరోపణ. అదే ఏడాది మన హైదరాబాద్‌లోనూ డీఆర్ఐ వాళ్లు ఒక కేసు పట్టుకున్నారు. అమెరికా, జపాన్ కార్లని దుబాయ్‌కో శ్రీలంకకో చేర్చి, అక్కడ ఎడమ స్టీరింగ్ కుడికి మార్పించి, ధర సగానికి సగం తక్కువ చూపించి దింపారని వాళ్ల అభియోగం. కోర్టు తేల్చేదాకా ఎవరినీ ముజ్రిమ్ అనకూడదు గానీ, నాకు కలిగిన సవాల్ వేరు. ఎక్కడో షెడ్డులో గుట్టుగా స్టీరింగ్ మార్చిన కారు మన రోడ్డు మీద తిరుగుతుంటే అది ఎంత భద్రం? ఆ మార్పిడిని ఎవరు పరీక్షించారు? నిజాయితీగా తెచ్చుకుని పరీక్షకి నిలబెడతానన్నవాడికి దారి మూసేసి, కాయితాలు పుట్టించగలవాడికి దారి వదిలేశారు.

స్టీరింగ్ గురించి జనంలో ఒక అపోహ ఉంది. ఎడమ స్టీరింగ్ బండి మన దేశంలో పూర్తిగా నిషేధమని అనుకుంటారు. మోటార్ వాహనాల చట్టం 120వ సెక్షన్ అలా అనదు. నిర్ణయించిన రకం సిగ్నల్ పరికరం, మెకానికల్‌దో ఎలక్ట్రికల్‌దో, పనిచేసే స్థితిలో ఉంటే తప్ప ఎడమ స్టీరింగ్ బండి పబ్లిక్ స్థలంలో నడపకూడదంటుంది. అంటే చట్టం ఒక లోపాన్ని గుర్తించింది. దానికి ఇలాజ్ కూడా చెప్పింది. ఇలాజ్ చేసుకుంటే ఫర్వాలేదంది. ఎంత అఖల్ ఉన్న సెక్షన్ అది! మిగతా రూల్స్ రాసినవాళ్లకి ఇది ఆదర్శం ఎందుకు కాలేదు?

లోకం ఏం చేస్తోందో చూద్దాం. అమెరికాలో పాతికేళ్లు దాటిన విదేశీ కారుకి అక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణాల అడ్డు ఉండదు. ఇరవై ఒక్క ఏళ్లు దాటి ఇంజను అసలుదే అయితే పర్యావరణ సంస్థ కూడా వదిలేస్తుంది. 2000లో ఉత్తరపారాలో తయారైన అంబాసడర్‌ని డల్లాస్‌లో ఉన్న మన తెలుగు కుర్రాడు ఇవాళ దర్జాగా దింపుకోవచ్చు. టెక్సాస్‌లో అయితే 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటా చేసే భద్రతా తనిఖీనే ఎత్తేశారు (అది నాకు నచ్చదు, ఆ సంగతి వేరు). అదే అంబాసడర్ మన నూజివీడులో ఉంటే దాని మాలిక్ ఐదేళ్లకి 10,000 కట్టి, ఇంకా ఎందుకు ఉంచుకున్నావయ్యా అనే చూపులు భరించాలి. మనం తయారుచేసిన కారుకి పరాయి దేశంలో ఉన్న ఇజ్జత్ సొంత గడ్డ మీద లేదు.

ఇంగ్లండ్‌లో 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటిన కార్లకి, గత ముప్పై ఏళ్లలో భారీ మార్పులు చేయకపోతే, ఏటా చేసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అలాగని ఇష్టం వచ్చినట్టు తిప్పమని కాదు. బండి రోడ్డు యోగ్యంగా ఉంచే జిమ్మేదారీ మాలిక్‌దే. నాకు అన్నిటికన్నా నచ్చింది జర్మనీ పద్ధతి. ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకి నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. టాక్స్ తగ్గుతుంది. రోజూ నడుపుకోవచ్చు. కానీ రెండేళ్లకోసారి తనిఖీకి నిలబడాల్సిందే, ఎంత అందంగా ఉన్నా సరే. ఉమర్‌కి ఇజ్జత్ ఇచ్చారు, హాలత్‌కి ఇంతెహాన్ పెట్టారు. మనం రెండూ తలకిందులు చేసుకున్నాం. యాభై ఏళ్ల దాకా ఉమర్‌కి శిక్ష, యాభై దాటగానే పదేళ్ల సర్టిఫికెట్ ఇచ్చి కంచుకోటలో బంధించడం.

ఈ బంధించడం ఎవరికి అచ్చొస్తుంది? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి సింహాసనపు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చాడు, 1911లో ఇంతెఖాల్ అయిపోయాడు. కారు వచ్చాక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దర్బార్ ఊరేగింపులకి వాడాడు. వెనక సీటు కాస్త ఎత్తులో తఖ్త్ లాగా ఉంటుంది. నూరేళ్లు దాటిన ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్లే. మన వింటేజ్ రూల్ సరిగ్గా అలాంటి కారునే దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటుంది. తిరగకుండా ఉన్నదే గొప్పది. తిరిగింది, మోసింది, సంపాదించి పెట్టింది మాత్రం తుక్కు.

నవాబు కారు మీద నాకు కోపం లేదు. అది ఉండాలి, పిల్లలు చూడాలి. నా సవాల్ 1974 బుల్లెట్ గురించి. బాపులపాడు మండలంలో ఏ పల్లెలోనో తాతది, నాన్నది, ఇప్పుడు మనవడిది అయిన బుల్లెట్ ఉందనుకోండి. యాభై దాటింది, అసలు ఇంజను, వింటేజ్‌కి హక్దార్. కానీ 'వీఏ' ప్లేటు తీసుకోవాలంటే రోల్స్‌రాయిస్ ఎంత కడితే అదీ అంతే కట్టాలి, 20,000. కట్టాక ఆ బండి మీద పొలం వెళ్లకూడదు, సంతకి వెళ్లకూడదు. ర్యాలీకి వెళ్లొచ్చు. మా పల్లెల్లో వింటేజ్ ర్యాలీలు ఎన్ని జరుగుతాయో మీరే చెప్పండి. అంటే ఆ మనవడు ఇజ్జత్ కావాలా, రోజీ కావాలా తేల్చుకోవాలి. మామూలు ప్లేటు మీదే ఉంచుకుంటే ఐదేళ్లకోసారి 2,000 కట్టాలి, తుక్కు లిస్టులో పేరు ఎప్పుడెక్కుతుందో అని భయపడుతూ ఉండాలి.

ఇంకా ఒకటుంది. మా జంక్షన్‌కి దగ్గర్లోనే, బాపులపాడు మండలం మల్లవల్లిలో, అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో మొదలైంది. డెబ్భై అయిదు ఎకరాలు. ముబారక్. కుర్రాళ్లకి నౌకరీలొస్తాయి. కొత్త బస్సు కావాలి, పాతది కావాలి అని కొట్టుకోనక్కర్లేదు. కానీ కొత్త బండి అమ్ముకోవడానికి పాత బండి గొంతు నొక్కనక్కర్లేదు కూడా. 2021లో తుక్కు పాలసీ ప్రకటించినప్పుడు కొత్త కార్ల గిరాకీ పెరుగుతుందని వాళ్లే బాహాటంగా చెప్పుకున్నారు. భద్రత, పర్యావరణం అన్న మాటల వెనక ఈ తిజారత్ కూడా ఉందని మనం గుర్తుంచుకోవాలి. ఒక కారు తయారీకి ఖర్చయ్యే ఉక్కు, కరెంటు, నీళ్లు ఎవరి లెక్కలోకీ రావు. ఉన్నదాన్ని ఇంకో పదేళ్లు నడిపించే ఉస్తాద్ చేసేది కూడా పర్యావరణ సేవేనని ఒప్పుకునే ఆఫీసు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఏం చేయాలని అడిగితే నాది చిన్న ముతాల్బా. పరీక్షకి ఎంత ఖర్చవుతుందో అంతే ఫీజు తీసుకోండి, వయసు చూసి కాదు. పదిహేనేళ్ల దాకా ఆగకుండా ఐదో ఏడు నుంచే ప్రతి సొంత కారు బ్రేకులూ చూడండి, కొత్త బండివాడు కూడా లైనులో నిలబడాలి. ముప్పై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి, దేశీదైనా విదేశీదైనా, జర్మనీ వాళ్లలా ప్రత్యేక నంబరిచ్చి రెండేళ్లకోసారి తనిఖీతో రోజూ నడుపుకోనివ్వండి. వింటేజ్ బండిని చూసే కమిటీలో సూటు బూటు దోస్తులతో పాటు ఆటోనగర్ నుంచి చేతికి గ్రీజు అంటిన ఉస్తాద్ ఒకరికి కుర్సీ వేయండి. కింగ్ పిన్ ఆటని వేలితో కనిపెట్టేవాడు వాళ్లలో ఒక్కడైనా ఉండాలి కదా.

ఇది చదివేవాళ్లలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తప్పకుండా అడిగే సవాల్ ఒకటుంది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. 1976 మెర్సిడెస్ ఉంది, పంపించొచ్చా అని. మొదటి రిజిస్ట్రేషన్ 1976లో అయ్యిందని ఆ దేశపు కాయితం ఉంటే 2026లో ఆ తారీఖు దాటాక వింటేజ్ కింద తెచ్చుకోవచ్చు. తయారీ ఏడాది కాదు, రిజిస్ట్రేషన్ తారీఖు ముఖ్యం. ఆ కాయితం లేకపోతే కారు మీద చెయ్యి కూడా వేయకండి. అసలు ఇంజను మార్చేసి ఉంటే అక్కడే ఆగిపోండి. కస్టమ్స్ డ్యూటీ, దాని మీద జీఎస్టీ కలుపుకుంటే కారు విలువ మీద రెండు వందల శాతం పైనే పడుతుంది, ఓడ కిరాయి వేరే. దిగాక బిల్ ఆఫ్ ఎంట్రీ, ఇన్సూరెన్స్ పాలసీ జతచేసి ఫారం 20 మీద దరఖాస్తు, 20,000 ఫీజు. కమిటీ చూసి ఒప్పుకుంటే అరవై రోజుల్లో ఫారం 23ఏ ఇవ్వాలి. గల్ఫ్ కారు కాబట్టి స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది, 120వ సెక్షన్ సిగ్నల్ సంగతి, హెడ్‌లైట్ల సంగతి అక్కడే, షార్జాలోనే చూసుకోండి. ఇక్కడికొచ్చాక పాత మెర్సిడెస్ లైటు గ్లాసు దొరకాలంటే మళ్లీ షార్జాకే ఫోన్ చేయాలి.